కాంటా గదిలో చేతికర్ర చప్పుడు

మునగాల దాటి కోదాడకు పోయే తోవలో, రోడ్డు పక్కన ఒక రేకుల గది ఉండేది. ఒకప్పుడు అక్కడ లారీలు తూకం వేసే కాంటా నడిచింది. కాంటా మూతపడ్డది, ఇనుమంతా ఎవరో పీక్కుపోయారు, గది ఒక్కటే మిగిలింది. కాంటా గది అనే పేరు మాత్రం పోలేదు.

ఆ గదికి చెడ్డపేరు వచ్చింది అందులో ఎవరో ఉరేసుకుంటే కాదు. ఏ లారీ కిందో పడి ఎవరో చస్తే కాదు. ఒక కంప్యూటరు వల్ల వచ్చింది.

నవ్వేవాళ్ళు నవ్వండి. తొంభై తొమ్మిదిలో, పెద్దగట్టు జాతరకు ముందు, పొద్దుగూకినంక ఆ తోవన పోయినవాళ్ళెవరూ నవ్వలేదు. సైకిలు మీద పోయేవాడు గది దగ్గరికి రాగానే తల తిప్పకుండా తొక్కుడు పెంచేవాడు. గొర్లకాపరి మందను రోడ్డుకు అవతలి పక్కకు మళ్ళించేవాడు. తాగినవాడికి సైతం అక్కడికి రాగానే మత్తు దిగేది...

ఎందుకంటే లోపలినుంచి చప్పుడు వచ్చేది.

టక్... టక్... టక్-టక్.

కర్ర కొసతో బల్లకాలు మీద కొట్టినట్టు.

ఆ కర్ర ఎవరిదో ఊరందరికీ తెలుసు. ఒగ్గుకథ చెప్పే జంగయ్యది. జంగయ్య చచ్చిపోయి అప్పటికి రెండు నెలలు.

జంగయ్య గొర్లు కాసినవాడు. అక్షరం ముక్క రాదు. తండ్రి నోట విని నేర్చిన గట్టుకథ, రాత్రులకు రాత్రులు నడిచే కథ, అతని తలలోనే ఉండేది. కొడుకులు లేరు, నేర్చుకునేవాళ్ళు రాలేదు. తనతో పాటు కథ కాలిపోతుందన్న బెంగ పట్టుకుంది మనిషిని. సూర్యాపేట పక్కన పెద్దగట్టు మీద రెండేండ్లకోసారి జాతర. వచ్చే జాతరకు కథను పుస్తకం చేసి గట్టు మీద పెడతానని కులపెద్దల ముందు మాటిచ్చి, కాంటా గదిలో డీటీపీ సెంటరు పెట్టుకున్న తారా దగ్గరికి వచ్చాడు.

తారా పక్క తండా పిల్ల. సూర్యాపేటలో పని నేర్చుకుని, ఆ చుట్టుపక్కల ఎవరికీ లేని కంప్యూటరు తెచ్చి పెట్టింది. పెళ్ళికార్డులు, కరపత్రాలు కొట్టేది. పగలంతా ఊరికి కరెంటు ఉండదు, దీపాలు పెట్టే యాళ్ళకు వస్తుంది. అందుకని ఆమెకు పని సాయంత్రమే, జంగయ్య రాక సాయంత్రమే. అయితే డోలు దరువు లేకపోతే జంగయ్యకు నోట మాట రాదు. గదిలో డోలు కొడితే తారాకు చెవులు పగులుతాయి. ఇద్దరూ ఒక రాజీకి వచ్చారు. జంగయ్య చేతికర్ర కొసను బల్లకాలుకేసి కొడతాడు: టక్... టక్... టక్-టక్. ఆ దరువు మీద కథ నడుస్తుంది, కథ వెంట తారా వేళ్ళు నడుస్తాయి.

కార్తీకంలో ఆఖరి మాట చెప్పి, కర్ర గోడకు ఆనించి, "ఇగ నా బరువు దిగింది బిడ్డా," అన్నాడు జంగయ్య. కొన్నాళ్ళకే నిద్రలో పోయాడు.

పుష్యంలో చప్పుడు మొదలైంది.

*

దీప్లా సూర్యాపేటలో కంప్యూటర్లు బాగుచేసేవాడు. అంతకుముందు చాలా ఏండ్లు కోదాడలో బావి మోటార్లకు వైండింగు చుట్టాడు. ఆరడుగుల మనిషి. కరెంటు తీగను వేలితో తట్టి చూసే మొండోడు. కానీ దెయ్యం మాటెత్తితే చాలు, లోపల చన్నీళ్ళు పోసినట్టయ్యేది. నిండుచేతుల చొక్కా వేసేది ఎందుకంటే, రెక్కకు కట్టుకున్న తాయెత్తు కనబడకుండా.

తారా ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి, "హార్డు డిస్కు పోయేటట్టున్నది, జర రా అన్నా," అంది. దెయ్యం సంగతి చెప్పలేదు. చెబితే వచ్చేవాడు కాదు.

బస్సు దిగి, గదికి ఎదురుగా ఉన్న గోపయ్య చాయ హోటల్లో కూర్చున్నాడు దీప్లా. గోపయ్య అతని సంచీలోని స్క్రూడ్రైవర్లను చూసి, గ్లాసు చేతికిస్తూ గొంతు తగ్గించాడు.

"కంప్యూటర్ల డాక్టరువా నాయకా? మంచిగైంది. గానీ, రోగం మిషన్‌కు గాదు."

"మరెవలకు?"

"రోగం లేదు. జంగన్న వస్తుండు."

"ఏ జంగన్న?"

గోపయ్య మొత్తం చెప్పాడు. కర్ర, దరువు, చావు, చప్పుడు. చెప్పి, తన మొలతాడును తట్టి చూపించాడు. "నేనున్నంత సేపు రాడు. నాకు భయపడతడు. నేనట్ల లేసి పొలం కాడ మోటరు ఏద్దామని పోయిన్ననుకో... అప్పుడొస్తడు. కావలిస్తే అడుగు ఎవర్నన్న."

దీప్లా ఇంకో చాయ చెప్పాడు. "సూర్యాపేటకు మళ్ల బస్సెప్పుడు?" అని అడుగుతుండగానే తారా వచ్చి సంచీ పట్టుకుంది.

"అన్నా, వచ్చినవా? రా, పొద్దువోతంది."

"చెల్లె, రేపు పొద్దుగాల సూద్దామా?"

"పొద్దుగాల కరెంటుండదు."

దీప్లాకు ఇంక సాకు దొరకలేదు.

గది గుమ్మంలో ఒక ముసలామె కూర్చుని ఉంది. ఒళ్ళో చేతికర్ర. ఆ కర్రను చూడగానే దీప్లా అక్కడే నిలబడిపోయాడు.

"జంగయ్య తాత భార్య, సత్తమ్మ అవ్వ," అంది తారా. "రోజూ వస్తది."

"ఏం పనవ్వా నీకు గీడ?" అన్నాడు దీప్లా.

"ఆయన సప్పుడు ఇనపోదామని."

అంత మామూలుగా అంది, కూరగాయలకు వచ్చిన అన్నట్టు. దీప్లా చెయ్యి తాయెత్తు మీదికి పోయింది.

*

"మొదటిసారి సప్పుడు వచ్చినప్పుడు ప్లగ్గు పీకి ఉరికిన," అని తారా చెప్పడం మొదలుపెట్టింది. "మరునాడు గంతే. వారమంతా గంతే. ఇగ సోమారం మిషన్‌కు నిమ్మకాయ గట్టిన. ఖతం, సప్పుడు బందయింది. వారం రోజులు ఏం లేదు. మళ్ల మొన్నటి సోమారం నుంచి మొదలు."

"అంటే నిమ్మకాయ గ్యారంటీ వారమే."

"నగులాట గాదన్నా. మంచిగున్న వారంల కథంత ఫ్లాపీలల్ల ఎక్కించిన."

"ఎక్కించినవా? ఇగ పరేషానెందుకు? తే."

తారా తల వంచుకుని దేవుని పటం కింద నుంచి ఫ్లాపీలు తెచ్చింది. దీప్లా ఒకదాని రేకు పక్కకు జరిపాడు. లోపలినుంచి పసుపు రాలి అతని ప్యాంటు మీద పడింది. ఇంకోదాని మీద కుంకుమ నీళ్ళకు తడిసి లోపలిదాకా దిగింది.

"సరస్వతి గదా అని పూజ జేసిన," అంది తారా చిన్నగా. "జర పాలు గూడ సిలకరించిన."

"నైవేద్యం ఒక్కటి తక్కువైంది," అన్నాడు దీప్లా. "గిది ఫ్లాపీనా చెల్లె, పేరంటం పళ్లెమా?"

గుమ్మంలో సత్తమ్మ నవ్వింది. తారా నవ్వలేదు. "అన్నా, జాతర ఈ నెలలనే. కథ గీ డిస్కుల తప్ప యాడ లేదు. చెప్పిన మనిషి లేడు. డిస్కు పోతే... గా కథ మల్ల ఈ లోకంల ఉండదు."

దీప్లా డబ్బా మూత విప్పాడు. పనిలో దిగితే అతని భయం కొంచెం వెనక్కి జరిగేది. గురువు నేర్పిన సూత్రం ఒకటుంది అతనికి: రాసింది తీయడం తర్వాత, ముందు రోగం కనుక్కో. రోగం తెలియకుండా చెయ్యి పెడితే బతికేదాన్ని నీ చేత్తో చంపినట్టు.

హార్డు డిస్కు లోపల అద్దంలాంటి పళ్లెం గిరగిరా తిరుగుతుంది. దానికి తగలకుండా, వెంట్రుక కంటే సన్నని ఎడంతో ఒక సూది ఆడుతుంది. కథంతా ఆ పళ్లెం మీదే. కరకర గీకిన చప్పుడు వస్తే సూది పళ్లేన్ని తాకినట్టు. అప్పుడు కరెంటు పెట్టిన ప్రతిసారీ కొంత కథ పొడై రాలుతుంది. సన్నగా కూత పెడితే బేరింగు అరిగినట్టు. టక్ టక్ అంటే సూదికి తన దారి దొరకక, వెనక్కి పోయి మళ్ళీ వెతుక్కుంటున్నట్టు. చాలాసార్లు అది చావు చప్పుడే.

తీగలన్నీ ఊడదీసి, తుడిచి, మళ్ళీ గట్టిగా పెట్టాడు. మీటరు తీసి గోడ ప్లగ్గులో పెట్టి చూశాడు. రెండొందల ఇరవై. బంగారంలాంటి కరెంటు.

"స్టెబిలైజరేది?"

"పోయిన నెలనే కాలిపాయె. ఒకటి కొనాలె."

"సర్లే. కరెంటు మంచిగనే ఉన్నది." మీటరుకు తీగలు చుట్టి సంచీలో పడేశాడు.

మిషను ఆన్ చేశాడు. స్క్రూడ్రైవరు మొన డిస్కుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. మోటారు మెకానిక్కులు బేరింగు చప్పుడు వినే పద్ధతి అది. తేనెతుట్టెలాగ ఒకే శ్రుతి. గీకుడు లేదు, కూత లేదు.

"గుండె మంచిగనే కొట్టుకుంటంది," అన్నాడు. తెర మీద ఫైళ్ళ పేర్లు వచ్చాయి. గట్టుకథ అక్కడే ఉంది. తారా ఊపిరి వదిలింది. దీప్లా సంచీలోంచి కొత్త ఫ్లాపీ తీశాడు.

అప్పుడే బయట గోపయ్య లుంగీ ఎగగట్టి, టార్చిలైటు పట్టుకుని కనిపించాడు. "కరెంటిచ్చిండట. నేను మోటరు ఏసొస్త. ఇగ నేను పోతాన్న... మీ ఇష్టం."

"ఎటు పోతున్నవ్? కూసో, చాయ తాగుదాం," అన్నాడు దీప్లా గబగబా.

"వరి ఎండుతాందయ్యా," అంటూ గోపయ్య చీకట్లో కలిశాడు.

ఫ్లాపీ లోపలికి నెట్టాడు దీప్లా. ఒక ఫైలు ఎక్కడం మొదలైంది.

బల్బు ఎర్రబడింది.

తెర మీది బొమ్మ నాలుగు పక్కల నుంచి ముడుచుకుంది... ఎవరో అవతలి నుంచి గుప్పిట్లోకి తీసుకుంటున్నట్టు. తారా లేచి నిలబడింది.

టక్.

దీప్లా చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది.

టక్... టక్-టక్.

"పీకు," అన్నాడు. తారా అప్పటికే పీకేసింది.

గుమ్మంలోంచి సత్తమ్మ గొంతు వచ్చింది, గట్టిగా కాదు, ఇంట్లో మనిషితో అన్నట్టు.

"వచ్చినవా? బతికున్నన్ని రోజులు కథలని ఊర్లు తిరిగితివి. సచ్చినంక గూడ ఇంటికి రావా? ఈ పిల్లను ఎందుకు సతాయిస్తవ్?"

దీప్లా మెల్లగా అడిగాడు. "అవ్వా... ఆయనే అని నీకెట్ల ఎరుక?"

"ఆయన నన్ను పేరు పెట్టి పిలిచింది లేదు కొడుకా. ఓయ్ అని గూడ అనలె. కథ ఒడిసి ఏ జాముకో వస్తడు. గడప మీద కర్రతోని కొడతడు. నేను తలుపు తీస్త. ఆయన ఎన్నడు తలుపు తీసుకోలె. గా సప్పుడుకు నలభై ఏండ్లు నిద్ర లేసినదాన్ని, నాకెరుక గాదా?"

తర్వాత ఇంకో మాట అడిగింది.

"నువ్వు మిషన్ బాగుజేస్తే... ఆయన పోతడా?"

*

కథ కావాలి. చప్పుడు కూడా కావాలి. ముసలామె సంకటం అది. రెండింటిలో ఒకటి పోయేదైతే ముట్టొద్దనే అంది మొదట. తారా కళ్ళనీళ్ళు పెట్టుకుంది. జాతర గుర్తుచేసింది.

సత్తమ్మ కర్ర వైపు చూసింది.

"పెద్దమనుషులకు మాటిచ్చిండు. సచ్చి మాట తప్పిండు అనిపించుకోవద్దు. తియ్యి బిడ్డా కథ. సప్పుడు పోతే పోనియ్యి."

దీప్లాకు పారిపోవాలని ఉంది. పారిపోతే ఈ ముసలామె మొహం బతికినన్నాళ్ళు వెంటపడుతుందన్న బెదురూ ఉంది. దెయ్యానికి భయపడేవాడు పిరికివాడని ఎవడన్నా అంటే నేను ఒప్పుకోను. కాళ్ళు వణుకుతూ కూడా పని వదలని వాళ్ళను చూశాను.

"సావు సప్పుడా కాదా తేల్చాలె," అన్నాడు. "నా దగ్గర ఒక మంచి డిస్కు ఉన్నది. పొద్దున దుకాణంల నడిచిందే. దాన్ని పెట్టి సూద్దాం. అది మంచిగ నడిస్తే రోగం జంగయ్య తాత డిస్కుది."

జంగయ్య కథ ఉన్న డిస్కును ఊడదీసి, ఎక్కడ పెట్టాలో తెలియక చూశాడు. సత్తమ్మ కొంగు పరిచింది. కోడిపిల్లను పట్టినట్టు ఒళ్ళో పెట్టుకుని, పైన చెయ్యి కప్పింది.

దీప్లా తన డిస్కు బిగించాడు. తారా ప్లగ్గు పెట్టింది. బల్బు ఎర్రగానే ఉంది. మిషను మూలిగింది. పళ్లెం తిరగడం మొదలైంది...

టక్.

ముగ్గురూ ముందు సత్తమ్మ ఒళ్ళోకి చూశారు. డిస్కు అక్కడే ఉంది, తీగా తాడూ లేకుండా, ఆమె చెయ్యి కింద.

టక్... టక్-టక్.

చప్పుడు వస్తున్నది దీప్లా డిస్కులోంచి.

"నా దాంట్లకు ఎక్కిండు," అన్నాడు దీప్లా. మాట పూర్తయ్యేసరికి రోడ్డు దాటాడు. చెప్పు ఒకటి గదిలో, ఒకటి రోడ్డు మీద. గోపయ్య హోటలు బెంచీ తగిలి బోర్లాపడి, లేచి, గుంజను కావలించుకుని తాయెత్తు పట్టుకున్నాడు.

కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. తెరిచేసరికి ఎదురుగా హోటలు బల్బు. అది కూడా ఎర్రగానే ఉంది, బీడీ కొస లాగ. జంగయ్య కంప్యూటరులోకి ఎక్కాడు సరే. చాయ హోటలు బల్బులో అతనికేం పని?

అప్పుడు విన్నాడు. పొలాల వైపు నుంచి మోటార్లు... ఒకటి కాదు, అటూ ఇటూ బోలెడు. సాఫీగా తిరిగే మోత కాదు అది, మూలుగు. ఓల్టేజీ చాలక, బరువు లాగలేక మోటారు మూలిగే మూలుగు. ఏండ్లకేండ్లు అలాంటివాటి కాలిన తీగలు విప్పి మళ్ళీ చుట్టినవాడు. నిద్రలో విన్నా పోల్చగలడు.

దీప్లా నెత్తి మీద తనే ఒకటి కొట్టుకున్నాడు.

గదిలోకి వచ్చేసరికి తారా ప్లగ్గు పీకి, గోడకు కరుచుకుని ఉంది. సత్తమ్మ కూర్చున్నచోటు నుంచి కదలనేలేదు.

"మంచి ఉరుకుడు ఉరుకుతవ్ కొడుకా," అంది.

దీప్లా మీటరు తీసి గోడ ప్లగ్గులో పెట్టాడు. ఇందాక రెండొందల ఇరవై చూపిన ముల్లు నూట ముప్పై దగ్గర వణుకుతోంది.

"చెల్లె, పొలాలకు త్రీఫేజు కరెంటు ఎప్పుడిస్తుండ్రు?"

"ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. సోమారం సోమారం మారుతది." చెప్పి, నోరు తెరిచి అలాగే ఉండిపోయింది తారా.

"సోమారం," అన్నాడు దీప్లా. "నిమ్మకాయ గట్టింది సోమారం. మళ్ల మొదలైంది సోమారం. వారం డ్యూటీ, వారం సెలవు తీసుకునే దెయ్యాన్ని యాడనన్న సూసినవా? మోటర్లన్ని ఒక్కపాలి గుంజితే ఓల్టేజీ పడుతంది. డిస్కు మోటరుకు బలం సాలక సూది ఎనకకు పోతంది. నా మంచి డిస్కు గూడ గంతే. మీ గోపయ్యకు దెయ్యం భయపడుడు గాదు, ఆయనే రోజూ స్టార్టరు నొక్కి దాన్ని లేపొస్తుండు."

తారా నవ్వు ఆపుకోలేక మూలకు తిరిగింది. ఇన్ని రోజుల భయం అంతా నవ్వై బయటికి వచ్చింది.

ఇక్కడ ఒక మాట అనకుండా ముందుకు పోలేను. దెయ్యాలు తిరిగే వేళ అని పెద్దలు చెప్పిన వేళలో పొలాలకు కరెంటిచ్చి, పాముల మధ్య, తడి చేతులతో స్టార్టరు నొక్కడానికి రైతును పంపినవాళ్ళున్నారు. జంగయ్య దెయ్యం ఎవరినీ చంపలేదు. ఆ రాత్రి కరెంటు ఎంతమందిని మింగిందో పల్లెల్లో అడగండి. భయపడాల్సినదానికి మనం భయపడలేదు, అదీ నా కోపం.

దీప్లా ఇంకోమాట చెప్పాడు. "సప్పుడు రాంగనే భయపడి ప్లగ్గు పీకుడు మంచిగైంది. ధైర్యం చేసి నడిపిస్తే సూది కొట్టుకొని కొట్టుకొని నిజంగనే సచ్చేది. మీ భయమే కథను బతికించింది."

సత్తమ్మ నవ్వలేదు. ఒళ్ళోని డిస్కును నిమురుతూ అడిగింది.

"అయితే ఆయన రాలేదన్నట్టేనా?"

దీప్లా తీగలు చుట్టుకోవడం మొదలుపెట్టాడు.

*

డిస్కు ఇప్పటికే చాలా దెబ్బలు తిన్నది. ఇంకో సోమవారం దాకా ఆగుదామంటే దీప్లా ఒప్పుకోలేదు. రోడ్డు వెంట కొంచెం దూరంలో ఫూల్‌సింగ్ ధాబా ఉంది. పేరు చూసి లారీవాళ్ళు పంజాబీ అనుకుంటారు గానీ, తండా మనిషే. అతని దగ్గర డీజిలు జనరేటరు ఉంది.

తారా గదికి తాళం వేసింది. మిషను, తెర, కీబోర్డు అన్నీ తోపుడుబండి మీద పెట్టుకుని ముగ్గురూ ధాబాకు పోయారు. నులకమంచం మీద మిషను పెట్టారు. లారీ డ్రైవర్లు రొట్టె చేతిలో పట్టుకుని చుట్టూ చేరారు.

"ఇందుల సిన్మా వస్తదా?" అన్నాడొకడు.

"కథ వస్తది. జర గమ్మునుండు," అంది సత్తమ్మ.

జనరేటరు మొదలైంది. ఓల్టేజీ సరిగ్గా ఉందని మీటరు చూపింది. ఈసారి దీప్లా దాన్ని సంచీలో పడేయలేదు, కళ్ళముందే ఉంచుకున్నాడు. కంప్యూటరును తన ఫ్లాపీ నుంచి లేపాడు, జంగయ్య డిస్కు మీద ఒక్క అక్షరం కూడా కొత్తగా రాయనివ్వలేదు. బాగుచెయ్యమని దానికి చెప్పలేదు, ఇచ్చింది తీసుకున్నాడు, అంతే.

ఒక ఫైలు వచ్చింది. ఇంకొకటి. డిస్కు ఆవులాగ నిలబడి పాలిచ్చినట్టు ఇచ్చింది. టక్ అన్న చప్పుడు ఒక్కటి లేదు. చప్పుడు లేని కొద్దీ తారా మొహం వెలిగింది, సత్తమ్మ మొహం వాడింది.

ఆఖరి ఫ్లాపీ కూడా ఎక్కింది. సరిగా వచ్చిందా అని తారా కథ చివర తెరిచి పైకి చదివింది. ఒగ్గువాళ్ళు కథ ముగించేటప్పుడు విన్నవాళ్ళను దీవిస్తారు. జంగయ్య దీవెన కూడా ఉంది: మందలు చల్లగుండాలె, మడులు పచ్చగుండాలె... దాని కింద తారా చాలా రోజుల కింద కొట్టి మరిచిపోయిన వాక్యం.

"'ఈ కథ జెప్పింది జంగయ్య. జంగయ్యకు బువ్వ బెట్టి, కథకు తోలి, ఏ రాత్రి వచ్చినా తలుపు దీసింది సత్తమ్మ. కథల సగం సత్తమ్మది.'"

లారీ డ్రైవర్లు సత్తమ్మ వైపు తిరిగారు.

"నా పేరా?" అంది సత్తమ్మ.

"నీ పేరే అవ్వా."

"ఇంకోపాలి సదువు."

తారా చదివింది. సత్తమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ముసలోడు. నా ముందల అనడానికి నోరు రాలె. మిషన్‌కు చెప్పిండు."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఫూల్‌సింగ్ డీజిలు దండగ అని జనరేటరు ఆపేశాడు. లాంతరు వెలుగు మిగిలింది. ఒక్కసారిగా నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలో ఎవరో ఉరికొస్తున్న చప్పుడు. గోపయ్య. టార్చిలైటు ఎక్కడో పారేసుకున్నాడు. లుంగీ చేత్తో పట్టుకుని ఉన్నాడు.

"నేను... మోటరు ఏసొస్తుంటే... కాంటా గదిల..."

"ఆ, సప్పుడొచ్చింది," అన్నాడు దీప్లా నవ్వుతూ. "నీకు భయపడతడంటివి గదా. అదేందో నేను చెప్త కూసో. మోటర్లు ఏస్తే ఓల్టేజీ పడి కంప్యూటరుల..."

ఆగిపోయాడు. తారా అతని మొహం చూసింది. ఇద్దరూ నులకమంచం వైపు చూశారు.

మిషను మంచం మీద ఉంది. జంగయ్య డిస్కు అందులోనే. దీప్లా డిస్కు సంచీలో. గదిలో ఒక బల్ల, ఒక కుర్చీ, దేవుని పటం తప్ప ఏమీ లేవు. తాళంచెవి తారా కొంగుకే ఉంది.

"బల్లి కావచ్చు," అన్నాడు దీప్లా. "బల్లులు గూడ... టక్ టక్ అంటయ్."

"బల్లి తలుపు కొడతదా?" అన్నాడు గోపయ్య. "లోపలి నుంచి కొడతాంది."

సత్తమ్మ లేచింది. చీర సర్దుకుంది. తారా కొంగు దగ్గరికి లాక్కుని తాళంచెవి విప్పుకుంది.

"అవ్వా, యాడికి?"

"బల్లే గానీ, మనిషే గానీ, పిలిచింది నన్నే." మొగుడు పొద్దుపోయి ఇంటికి వచ్చినప్పుడు ఆడవాళ్ళు విసుక్కున్నట్టు విసుక్కుంది. "ఆయన ఎన్నడు తలుపు తీసుకోడు. నేనే తియ్యాలె."

ఆపడానికి ఎవరూ లేవలేదు. జంగయ్య కర్ర పట్టుకుని చీకట్లో రోడ్డెక్కింది ఆమె. మనిషి కనబడకుండా పోయింది. తారురోడ్డు మీద కర్ర చప్పుడు మాత్రం వినబడుతోంది, దూరమవుతూ.

టక్...

టక్...

కొంచెంసేపు ఏమీ లేదు.

తర్వాత, కాంటా గది వైపు నుంచి...

టక్-టక్.